టెన్షన్ పెట్టుకోవద్దు

భయంతో ముఖం పాలిపోయినవాణ్ణి చూసి "కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు" అంటాం. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. చాలాకాలం అదొక అతిశయోక్తిలాగే వినపడేది. తర్వాతెప్పుడో రక్తప్రసరణ గురించి చదువుతుంటే అందులో ఎంత పరిశీలన ఉందో తెలిసింది. భయపడినప్పుడు చర్మం కింద ఉండే సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి. అక్కడికి వచ్చే రక్తం తగ్గుతుంది, ముఖం తెల్లబోతుంది. ఏ జంతువో మీద పడి గాయం చేస్తే నెత్తురు ఎక్కువ పోకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు ఇదని ఒక వివరణ. ఆ నుడికారం పుట్టించినవాళ్ళకి అడ్రినలిన్ గురించి తెలియదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం మాత్రం బాగా తెలుసు.

ఇలాంటివి మనకి బోలెడు. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి అంటాం. వేళ్ళ చివరలకి రక్తం తగ్గితే నిజంగానే చల్లబడతాయి. నాలుక పిడచగట్టుకుపోయింది అంటాం. ఆపద సమయంలో అరుగుదల పని వాయిదా పడుతుంది, లాలాజలం ఊరడం తగ్గుతుంది. కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది అంటాం. పేగులకి వెళ్ళే రక్తాన్ని తగ్గించి కాళ్ళూ చేతుల కండరాలకి మళ్ళించే సమయం అది. గుండె గుభేలుమనడం, గుండె జారిపోవడం, గుండెల్లో రాయి పడడం సరేసరి. కోపానికి మళ్ళీ వేరే పట్టిక ఉంది: ముఖం జేవురించింది, రక్తం ఉడికిపోయింది, ఒళ్ళు మండిపోయింది. భయానికి చలి, కోపానికి వేడి. ఈ తేడా కూడా భాష పట్టుకుంది.

ఇవన్నీ క్షణాల మీద జరిగేవి. నెలలూ ఏళ్ళూ నడిచేవాటికి వేరే మాటలున్నాయి. దిగులు, బెంగ, గుబులు, మనేద. తెలంగాణలో రంది. ఒకదాని బదులు ఇంకోటి పెడితే కుదరదు. హాస్టల్లో చేరిన పిల్లకి ఇంటి మీద ఉండేది బెంగ. రేపు ఏం వినాల్సొస్తుందో అన్నది గుబులు. ఎంత కట్టినా తీరని అప్పు పెట్టేది మనేద. "మనేదతో మంచం పట్టాడు" అనే మూడు ముక్కల వాక్యంలో రోగమూ ఉంది, దాని కారణమూ ఉంది.

ఇప్పుడు ఈ మాటలన్నిటి చోటా మనం ఒకటే వాడుతున్నాం. టెన్షన్. పరీక్షకి టెన్షన్, ట్రాఫిక్‌లో టెన్షన్, పెళ్ళి టెన్షన్, అప్పు టెన్షన్. పుస్తకాల్లో అయితే ఒత్తిడి. ఒక మాట పోయి ఇంకో మాట రావడం గురించి నాకు పెద్ద బాధేం లేదు. కానీ ఈ మార్పులో ఒక ప్రశ్న కూడా తప్పిపోయిందని నా అనుమానం. అదేమిటో చెప్పాలంటే కాస్త నా చదువు దగ్గరకి వెళ్ళాలి.

*

నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మా బ్యాచ్‌లో సగానికి పైగా ఇదే కథ. రెండో సంవత్సరంలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ అని ఒక సబ్జెక్టు ఉండేది. టెన్షన్, స్ట్రెస్ రెండూ అక్కడి మాటలే. ఇనప కడ్డీని మిషన్‌కి బిగించి రెండు వైపులా లాగుతాం. బయట నుంచి మనం వేసే బరువు లోడ్. దానివల్ల కడ్డీ లోపల పుట్టేది స్ట్రెస్. దానివల్ల కడ్డీ సాగితే ఆ మార్పు స్ట్రెయిన్. మూడింటికీ మూడు పేర్లు. పరీక్షలో ఒకదాని బదులు ఇంకోటి రాస్తే మార్కులు పోతాయి.

ఈ మాటని మనుషుల దగ్గరకి తెచ్చినవాడు హాన్స్ సెల్యే. వియన్నాలో పుట్టి, మాంట్రియల్‌లో స్థిరపడిన పరిశోధకుడు. 1936లో 'నేచర్' పత్రికలో ఎలుకల మీద తన ప్రయోగాల గురించి ఒక చిన్న ఉత్తరం అచ్చువేశాడు. చలిలో పెట్టినా, గాయం చేసినా, విషం ఎక్కించినా, అతిగా పరిగెత్తించినా ఎలుకల శరీరాల్లో ఒకే రకం మార్పులు వస్తున్నాయన్నది అందులో సారాంశం. తర్వాత దీనికి స్ట్రెస్ అని పేరు పెట్టాడు. తన ఇంగ్లిష్ ఇంకాస్త బాగుండి ఉంటే స్ట్రెయిన్ అనే మాట ఎంచుకునేవాణ్ణని చాలా ఏళ్ళ తర్వాత ఆయనే ఒప్పుకున్నాడంటారు. అప్పటికి ఆ మాట ప్రపంచమంతా పాకిపోయింది.

పేరుదేముంది అనుకోవచ్చు. కానీ దూలం వంగితే ఏ ఇంజనీరూ దూలాన్ని వంగొద్దని బతిమాలడు. పైన ఎంత బరువుంది, ఎవరు పెట్టారు, కింద ఇంకో స్తంభం వేయడానికి వీలుందా అని చూస్తాడు. మనుషుల విషయంలో లోడ్, స్ట్రెస్, స్ట్రెయిన్ మూడూ కలిసి టెన్షన్ అయ్యాక, ఆ బరువెవరిది అనే ప్రశ్న అడగాల్సిన అవసరం లేకుండా పోయింది. ఎవరికి టెన్షన్ ఉందో వాళ్ళే దాన్ని తెచ్చుకున్నట్టు మాట్లాడడం సులువైంది. "టెన్షన్ పడకు," "టెన్షన్ తీసుకోకు," "టెన్షన్ పెట్టుకోవద్దు." ఈ వాక్యాల్లో క్రియలు గమనించండి. అన్నిటికీ కర్త బాధపడుతున్నవాడే.

*

బరువు ఎవరిదైనా, దాన్ని మోసేది రక్తనాళమే. ఎలా మోస్తుందో కొంచెం చూద్దాం.

ఆపద అనిపించగానే మెదడు నుంచి నరాల ద్వారా ఒక కబురు, అడ్రినల్ గ్రంథుల నుంచి రక్తంలోకి అడ్రినలిన్ బయల్దేరతాయి. గుండె వేగం, కొట్టుకునే బలం పెరుగుతాయి. చర్మానికీ పేగులకీ వెళ్ళే నాళాలు బిగుసుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది. రక్తం తేలిగ్గా గడ్డకట్టడానికి సిద్ధమవుతుంది. పులి ఎదురైతే ఇదంతా అవసరమే. పులి వెళ్ళిపోయాక అన్నీ సర్దుకోవాలి. రాబర్ట్ సపోల్‌స్కీ 1994లో రాసిన పుస్తకానికి 'జీబ్రాలకి అల్సర్లు ఎందుకు రావు' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది ఇందుకే. సింహం బారి నుంచి తప్పించుకున్న జీబ్రా కాసేపటికి గడ్డి మేస్తూ ఉంటుంది. వచ్చే నెల వచ్చే సింహం గురించి దానికి దిగులు లేదు.

నాళం కొంచెం బిగుసుకుంటే మాత్రం ఏమవుతుంది? ఇక్కడ ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్ గుర్తొస్తుంది. గొట్టంలో ద్రవం ప్రవాహానికి పాయిజూయ్ సూత్రం ఒకటుంది. ఆయన ఫ్రెంచి వైద్యుడు. సన్నటి నాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలనే 1840ల నాటికి గాజు గొట్టాల్లో నీళ్ళు పారించి చూశాడు. ప్రవాహం గొట్టం వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారుతుందని తేలింది. అంటే వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. వ్యాసార్థం 16 శాతం తగ్గితే చాలు, ప్రవాహం సగానికి పడిపోతుంది. రక్తం అచ్చం నీళ్ళలాంటిది కాదు, నాళం గాజు గొట్టం కాదు. అయినా శరీరం ఇంత చిన్న బిగింపుతో ఎక్కడికెంత రక్తం పంపాలో ఎలా నిర్ణయిస్తుందో ఈ లెక్క వల్ల అర్థమవుతుంది.

గుండెకి ఇంకో ఇబ్బంది ఉంది. ఒళ్ళంతటికీ రక్తం పంపే ఆ కండరం తనకి కావలసిన రక్తాన్ని ఎక్కువ భాగం కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య విరామంలోనే తీసుకుంటుంది. వేగం పెరిగితే ముందు తగ్గేది ఆ విరామమే. అవసరం పెరిగిన సమయంలోనే అందుకునే వ్యవధి తగ్గుతుంది. నాళాలు బాగుంటే అవి వెడల్పై ఈ లోటు పూడుస్తాయి. ఆ వెడల్పు చేసే పనిలో పెద్ద పాత్ర నాళం లోపలి పొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ది. ఈ సంగతి తేల్చినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది.

మనసులో ఉన్నదానికి ఈ పొర ఎలా స్పందిస్తుందో కొలిచినవాళ్ళున్నారు. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 280 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని, కొందరిని తమకి కోపం తెప్పించిన ఒక సంఘటన గుర్తుచేసుకోమన్నారు. ఎనిమిదే నిమిషాలు. అలా గుర్తుచేసుకున్నవాళ్ళ రక్తనాళాలు వెడల్పయ్యే శక్తి దాదాపు 40 నిమిషాల పాటు తగ్గి ఉంది. ఎప్పుడో అయిపోయిన గొడవ, ఎదురుగా తిట్టేవాడు కూడా లేడు. గుర్తుచేసుకుంటేనే ఇంత. రోజుకి పదిసార్లు గుర్తుచేసుకునేవాళ్ళ సంగతి ఏమిటన్నది నాకు అక్కడే పుట్టిన ప్రశ్న.

*

మన కథలకి ఈ నెమ్మది నచ్చదు. దశరథుడు రాముణ్ణి అడవికి పంపి ఆ శోకంతోనే ప్రాణం వదిలాడు. పాత సినిమాల్లో తండ్రి ఉత్తరం చదివి, ఛాతీ పట్టుకుని సోఫాలో కూలబడతాడు. ఇవి పూర్తిగా కల్పన కావు. 1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో భూకంపం వచ్చింది. ఆ ప్రాంతంలో అంతకుముందు రోజుకి సగటున నలుగురైదుగురు గుండె ఆగి హఠాత్తుగా చనిపోయేవారు. ఆ ఒక్కరోజు 24 మంది పోయారు. జపాన్‌లో 1990లో హికారు సాతో అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఇంకో విచిత్రాన్ని నమోదు చేశారు. ఛాతీ నొప్పితో వస్తారు, ఈసీజీ గుండెపోటులాగే ఉంటుంది, తీరా చూస్తే నాళాల్లో అడ్డంకి కనపడదు. గుండె ఎడమ జఠరిక మాత్రం కింద బుర్రలా ఉబ్బి, పైన మెడలా సన్నగా ఉంటుంది. అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లని పట్టే కుండ అదే ఆకారంలో ఉంటుంది కాబట్టి తాకోత్సుబో అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే ఇది వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నడివయసు దాటిన ఆడవాళ్ళు. చాలామందిలో దానికి ముందు ఒక చావు కబురో, తీవ్రమైన భయమో, జబ్బో ఉంది. గుండె పగిలింది అని మనం ఊరికే అనలేదన్నమాట.

అయితే వీళ్ళ సంఖ్య తక్కువ. పైగా తాకోత్సుబో వచ్చినవాళ్ళలో చాలామందికి కొన్ని వారాల్లో గుండె మళ్ళీ మామూలవుతుంది. ఉత్తరం, కేక, పడిపోవడం ఏవీ లేకుండా జరిగేదే ఎక్కువ. దాన్ని పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు చేసే పరీక్షల గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో తయారుచేసిన పద్ధతి ఒకటుంది. మనిషిని ఒక గదిలోకి పిలుస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ముఖంలో ఏ భావమూ కనపడనివ్వరు. "ఈ ఉద్యోగానికి మీరే ఎందుకు తగినవారో ఐదు నిమిషాలు చెప్పండి" అంటారు. అది కాగానే 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్కపెట్టమంటారు. తప్పితే మళ్ళీ మొదటి నుంచి. స్ట్రెస్ పుట్టించడానికి ప్రయోగశాలలు ఇంత కష్టపడ్డాయి. మనం దాన్ని క్యాంపస్ ఇంటర్వ్యూ అంటాం.

అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్ళు గుండె జబ్బు ఉండి నిలకడగా ఉన్న 918 మందితో ఇలాగే ప్రసంగం చేయించారు. వాళ్ళకే వేరే రోజు ట్రెడ్‌మిల్ లాంటి మామూలు పరీక్ష కూడా పెట్టారు. ప్రసంగం సమయంలో 16 శాతం మందికి గుండె కండరానికి అందే రక్తం తగ్గింది. వీళ్ళలో కొందరికి శ్రమ పరీక్షలో ఏ తేడా కనపడలేదు. అంటే వాళ్ళు మెట్లెక్కగలరు, నడవగలరు, ఈసీజీ బాగుందని ఇంటికి రాగలరు. నలుగురి ముందు మాట్లాడమంటే మాత్రం వాళ్ళ గుండెకి రక్తం చాలదు. వీళ్ళందరినీ ఐదేళ్ళ పాటు గమనించారు. ప్రసంగం అప్పుడు రక్తం తగ్గినవాళ్ళకి గుండెపోటు గానీ గుండె జబ్బుతో మరణం గానీ వచ్చే ముప్పు మిగతావాళ్ళ కంటే రెండున్నర రెట్లు ఉందని 2021లో ప్రకటించారు.

*

ఇవన్నీ నేను సరదాకి చదవలేదు. మా బాబాయ్‌కి గుండెపోటు వచ్చింది.

గుంటూరు జిల్లాలో మా ఊరు. బాబాయ్‌కి సొంతంగా ఎకరం ఉంది, నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. మిరప. కౌలు డబ్బు ముందే కట్టాలి. 2021లో మిరప రైతులు ఎప్పుడూ చూడని పురుగు వచ్చింది. నల్ల తామర పురుగు. పూతలో చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది. కొట్టిన మందుకి చావదు. షాపువాడు ఇంకో మందిస్తాడు, అదీ కొడతారు. ఆ డబ్బూ పోతుంది. మా చుట్టుపక్కల చాలామంది చేలు దున్నేశారు. బాబాయ్ దున్నలేదు. 2022 ఫిబ్రవరిలో, కల్లంలో మిగిలిన కాస్త కాయల్ని ఆరబోస్తుండగా ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. వేళకి చేర్చారు కాబట్టి బతికాడు.

డిశ్చార్జ్ రోజు నేనక్కడే ఉన్నాను. డాక్టరుగారు మంచాయన. ఓపిగ్గా మందులు చెప్పారు, సిగరెట్ మానాలన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. చివర్లో భుజం మీద చెయ్యి వేసి "టెన్షన్ పెట్టుకోవద్దు, ప్రశాంతంగా ఉండండి" అన్నారు. బాబాయ్ తలూపాడు. కారెక్కాక నా వైపు తిరిగి అన్నాడు:

"టెన్షన్ పెట్టుకోబోకు అంటన్నాడ్రా అబ్బాయ్. నేనేవన్నా సంతకి బొయ్యి కొనుక్కొచ్చి పెట్టుకున్నానా?"

పిన్ని ముందు సీట్లోంచి, "నువ్వన్నా చెప్పు నాయనా, నీ మాటైతే ఇంటాడు. ఆ కౌలు ఇంక ఒదిలెయ్యమను" అంది. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒదిలేస్తే అప్పెవుడు గడతాడే, నీ డాట్టరా?" అన్నాడు. తర్వాత ఊరొచ్చేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

వాళ్ళకి నేను చదువుకున్నవాణ్ణి, హైదరాబాదులో ఉండేవాణ్ణి. చెప్పాల్సినవాణ్ణి. నా ఉద్యోగంలో టెన్షన్ లేదని కాదు. నెలకో వారం ఆన్‌కాల్ ఉంటుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఫోన్ మోగుతుంది, కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి 110 కొడుతోందని నా వాచీయే చెబుతుంది. కానీ ఆ సమస్య తెల్లారేలోపు తీరుతుంది. తీర్చే దారులు నా చేతిలో ఉంటాయి. నాకు రాకపోతే పైన ఇంకొకరిని లేపొచ్చు. మరీ భరించలేకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోవచ్చు. బాబాయ్ చేతిలో ఏముంది? పురుగు ఆయన చేతిలో లేదు. వాన లేదు. యార్డులో ధర లేదు. కౌలు మాత్రం నిక్కచ్చిగా ఉంది, వడ్డీ కూడా.

*

ఈ తేడాకి వైద్యంలో ఒక చరిత్ర ఉంది. గుండెపోటు పెద్ద పెద్ద ఆఫీసర్ల జబ్బని, బాధ్యతలు ఎక్కువైనవాళ్ళకి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1967లో లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. వైట్‌హాల్ అనేది అక్కడి కార్యాలయాలుండే వీధి పేరు, అధ్యయనానికీ అదే పేరు. దాదాపు 18,000 మంది మగవాళ్ళు. అందరివీ ప్రభుత్వోద్యోగాలే, ఎవరూ నిరుపేదలు కారు, వైద్యం ఉచితం. మైకేల్ మార్మాట్ ఆ లెక్కలు తీసి చూస్తే సంగతి తలకిందులుగా ఉంది. తలుపు దగ్గర నిలబడేవాళ్ళూ, కాగితాలు మోసేవాళ్ళూ చనిపోతున్న రేటు, అందరికంటే పై మెట్టు అధికారుల రేటుకి మూడు రెట్లు. మధ్య మెట్లవాళ్ళు మధ్యలో ఉన్నారు. సిగరెట్లు, కొలెస్ట్రాల్, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో చాలా భాగం మిగిలిపోయింది.

1985లో ఆడవాళ్ళని కూడా చేర్చుకుని పదివేల మందికి పైగా ఉద్యోగులతో రెండో అధ్యయనం మొదలుపెట్టారు. ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడిగారు: మీ పని ఎలా చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో నిర్ణయించుకునే వీలు మీకెంత ఉంది? ఆ వీలు తక్కువ ఉన్నవాళ్ళలో గుండె జబ్బు ఎక్కువగా కనపడింది. ఎంత పని ఉంది అన్నది ఒక్కటే చూస్తే చాలదని, ఆ పని మీద మన మాట ఎంత చెల్లుతుంది అన్నది కూడా చూడాలని దీనర్థం. అధికారికి వంద తలనొప్పులుంటాయి, అందులో తొంభై ఆయన సంతకంతో కదులుతాయి. గుమ్మం దగ్గర మనిషికి రెండే తలనొప్పులు, రెండూ ఇంకొకరి సంతకం కోసం చూస్తుంటాయి.

ఇది చదివాక హైదరాబాద్ నాకు కొంచెం వేరేగా కనపడుతోంది. మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల్లో పాలపాకెట్ తెచ్చే కుర్రాడికి లిఫ్ట్ ఎంతసేపటికి వస్తుందో తెలియదు, టైమ్ మాత్రం ఫోన్‌లో తగ్గిపోతూ ఉంటుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసే వాచ్‌మన్ రేపు సెలవు కావాలంటే ఎవర్ని అడగాలో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆఫీసులో మాకు మైండ్‌ఫుల్‌నెస్ సెషన్లు పెడతారు. కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు. నాకు బాగానే ఉంటుంది, వెక్కిరించను. నెమ్మదిగా ఊపిరి తీస్తే గుండె వేగం తగ్గడం నిజమే. కాకపోతే ఆ గదిలోకి ఆ కుర్రాడూ రాడు, ఆ వాచ్‌మనూ రాడు. వచ్చినా బయటికెళ్ళేసరికి ఫోన్‌లో టైమ్ తగ్గుతూనే ఉంటుంది.

*

దీన్ని ఇంకో చివరకి లాగడం కూడా ప్రమాదమే. "అంతా టెన్షనే" అని తేల్చేస్తే మాత్రలెందుకు అనే ప్రశ్న వస్తుంది. బాబాయ్ కూడా ఒక దశలో అలాగే అన్నాడు: "మనేదకి మాత్రేంట్రా?" 2004లో 'లాన్సెట్'లో అచ్చయిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ పోల్చింది. దానికి నాయకత్వం వహించిన సలీం యూసుఫ్ కేరళలో పుట్టినవాడు. సిగరెట్, రక్తంలో కొవ్వులు, బీపీ, షుగర్, పొట్ట, తిండి, వ్యాయామం, మద్యం వీటితో పాటు మానసిక సామాజిక కారణాలు కూడా ఆ తొమ్మిదింటి జాబితాలో ఉన్నాయి. అంటే దిగులు పక్కవాటితో కలిసే పనిచేస్తుంది. దిగులున్నవాడే ఇంకో సిగరెట్ వెలిగిస్తాడు, నిద్రపోడు, మాత్ర మర్చిపోతాడు. నాళంలో పూడిక ఉన్న చోటే బిగింపు ఎక్కువ కీడు చేస్తుంది. పూడికని పెరగనివ్వకుండా చూసేది మాత్రే. ఇదంతా నేను బాబాయ్‌కి పైపులో పాకుడు పట్టడంతో పోల్చి చెప్పాను. బోరు, డ్రిప్పు పైపులు తెలిసిన మనిషి. వెంటనే అర్థమైంది. మాత్రలు మానలేదు. సిగరెట్ మానడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది.

బరువు సంగతి ఏం చెయ్యాలి? ఆ వేసవిలో నేనూ, మా తమ్ముడూ, బాబాయ్ కలిసి లెక్కలు వేశాం. బయటి వడ్డీ అప్పులో పెద్దదాన్ని మేమిద్దరం కలిసి తీర్చి, వడ్డీ లేకుండా మాకే బాకీ ఉండేలా రాసుకున్నాం. ఊరికే ఇస్తే తీసుకోడు. కౌలు నాలుగెకరాల్లో రెండు వదిలేశాడు. మిగిలిన రెండింటి ఆసామిని కలిసి, ముందు కట్టే కౌలు కాకుండా సగపాలికి మాట్లాడాం. పెట్టుబడిలో సగం, పంటలో సగం. ఆయన మూడు వారాలు తిప్పుకుని ఒప్పుకున్నాడు. పురుగొస్తే నష్టం ఇద్దరికీ. ఇందులో వైద్యం ఏమీ లేదు. ఒక దూలం మీది బరువులో కొంత ఇంకో దూలం మీదికి మారింది.

ఇలా అందరికీ కుదరదని నాకు తెలుసు. అప్పు తీర్చే అన్నకొడుకు ఊళ్ళో ఎంతమందికి ఉంటాడు? పాలికి ఒప్పుకునే ఆసాములు ఎందరు? ఒక ఇంటి ఏర్పాటు ఊరి సమస్యకి జవాబు కాదు. అయినా "టెన్షన్ పెట్టుకోవద్దు" అనే సలహా పక్కన ఈ ప్రశ్న కూడా ఉండాలనిపిస్తుంది: దీన్ని ఎవరు పెట్టారు, ఇందులో ఎంత దించగలం? డాక్టరుగారికి ఒక్కో మనిషికి దొరికేది పది నిమిషాలు, ఆయన అడగలేకపోవచ్చు. ఇంట్లోవాళ్ళం అడగొచ్చు. యజమానులు అడగొచ్చు. ప్రభుత్వాలు తప్పకుండా అడగాలి.

బాబాయ్ ఇప్పుడు బీపీ మిషన్‌తో తనే చూసుకుంటాడు. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన జేబు డైరీలో ఎడమ పేజీలో చేను ఖర్చులు, కుడి పేజీలో బీపీ. నాలోని ఇంజనీరు ఆ రెండు పేజీలకీ గ్రాఫ్ గీయాలని చూశాడు గానీ, ఆ కాసిని అంకెలతో ఏమీ రుజువు కాదు. మాత్రల వల్ల తగ్గిందో, సిగరెట్ మానడం వల్లో, నిద్ర పట్టడం వల్లో ఎవరూ విడదీసి చెప్పలేరు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు డైరీ తిరగేశాను. అంకెలు పర్వాలేదు. ఎడమ పేజీల్లో మందులు, కూలీలు, డీజిలు అన్నీ ఉన్నాయి, కౌలు అని రాసిన గడి మాత్రం లేదు. "ఈసారి కాపు ఎట్టా ఉంది బాబాయ్?" అని అడిగితే, "కాపు బానే ఉంది, రేటే తెలవదు" అన్నాడు. కాసేపాగి మళ్ళీ తనే, "తెలవకపోతే ఆ ఆసామికీ తెలవదులే, ఇద్దరం కలిసే ఏడుస్తాం" అని నవ్వాడు.